‘ఏమీ లేదు’ అని రాసిన పుస్తకం

మార్చి 4

అత్తా,

ఆస్పత్రి కాగితం చూసి గుండె పట్టుకోకు. ఇంట్లో తెల్లకాగితాలు అయిపోయాయి, వీళ్లిచ్చే కాగితాలకి మాత్రం కరువు లేదు. ముందువైపు వాళ్ల అడ్రసు, నేను ఎప్పుడెప్పుడు రావాలో ఆ తేదీలు. వెనకవైపు మొత్తం నాది.

రెండో విడత మొన్న సోమవారం మొదలుపెట్టాను. ఆపరేషన్‌లో పేగు ముక్క కోసి పారేశారు కదా, ఇంకెక్కడైనా క్యాన్సర్ రవ్వ మిగిలిందేమోనని ఈ మాత్రలు. పొద్దున తిన్నాక నాలుగు, సాయంత్రం తిన్నాక నాలుగు. పద్నాలుగు రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపితే ఒక విడత. అలాంటివి ఎనిమిది. సూది లేదు, సీసా వేలాడదీయడం లేదు, మంచం లేదు. అందుకని చూసిన ప్రతివాళ్లూ "మాత్రలే కదా, అదృష్టవంతురాలివి" అంటున్నారు. నిన్న మా లైనులో ఒకావిడా అంది. తలనొప్పి తగ్గించేవీ మాత్రలే, ఎలకల్ని చంపేవీ మాత్రలే అన్నాను.

పనిలోకి వెళ్తున్నాను. బూట్ల పైభాగం కుట్టే లైనులో మూడో కుర్చీ నాది, నాలుగేళ్లుగా నాదే. సెలవులో ఉన్నప్పుడు దాన్ని ఇంకొకరికి ఇవ్వబోతున్నారని తెలిసి, కుట్లు విప్పిన మర్నాడే వెళ్లి కూర్చున్నాను. మా సూపర్‌వైజరుకి మేం పెట్టిన పేరు స్టాప్‌వాచ్, చేతిలో ఎప్పుడూ అదే ఉంటుంది. నన్ను చూసి "అప్పుడేనా?" అన్నాడు. "మీ గడియారం ఆగిపోతుందేమోనని వచ్చాను" అన్నాను.

అరచేతుల్లో చీమలు పాకుతున్నట్టుంది. పెద్ద విషయం కాదు.

నీ
మిరపకాయ


మార్చి 10

ఒసే మిరపకాయ్,

చీమలు పాకుతున్నాయని రాసి, పెద్ద విషయం కాదని పక్కనే రాశావు. పెద్ద విషయం కాకపోతే అసలు రాయవు. మీ నాన్న పోయిన రోజు కూడా "నాకేం, బాగానే ఉన్నాను" అని అందరికీ నువ్వే మంచినీళ్లు అందించావు. నా తమ్ముడి కూతురివి, నాకు తెలీదా?

అది రక్తం ఆడకపోవడం. ఆపరేషన్ అయిన ఒళ్లు కదా. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పొద్దునా సాయంత్రం ముంచి ఉంచు. బట్టల మిల్లులో పనిచేసే రోజుల్లో చేతులు బిగుసుకుపోతే మేం అదే చేసేవాళ్లం.

ఇక్కడ ఇస్త్రీ షాపు మామూలే. షాపావిడ నాతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి నోరంతా తెరుస్తుంది. దారిన పోయేవాళ్లు ఈవిడ పన్ను పీకించుకోడానికి వచ్చిందనుకుంటారు. నిన్న నా వెనకాల పెట్టె పడి పగిలిందిట, షాపంతా పరిగెత్తింది, నేను చొక్కా కాలరు మడతపెట్టుకుంటూనే ఉన్నాను. సుఖపడేదాన్ని నేనే.

ఫోనులో రాయమన్నావు. ఆ అక్షరాలు దోమల్లా ఉంటాయి, నా వల్ల కాదు. నువ్వు కాగితం మీదే రాయి.

మీ అత్త


మార్చి 19

అత్తా,

నీ వేడినీళ్ల వైద్యం చేశాను. చేతులు ఉడికిన దుంపల్లా ఎర్రబడ్డాయి, మూడో రోజుకి తోలు పొరలు పొరలుగా లేచింది. అరికాళ్లు కూడా అంతే. నిన్ను అనడం లేదు, చెబుతున్నాను.

అసలు సంగతి విను. మొన్న గేటు దగ్గర హాజరు మిషను మీద బొటనవేలు పెట్టాను. "మళ్లీ ప్రయత్నించండి" అంది. ప్రయత్నించాను. ఆరుసార్లు. అదే గొంతు, అదే మర్యాద. నా వెనక ముప్పైమంది. వాచ్‌మన్ వేలు తుడుచుకోమన్నాడు. వెలుతురులో పెట్టి చూసుకుంటే, అత్తా, నా వేలిమీద గీతలు లేవు! గాజుగోలీలా నున్నగా ఉంది. పుట్టినప్పటినుంచీ ఉన్నవి, రెండు విడతల మాత్రలకి చెరిగిపోయాయి. స్టాప్‌వాచ్ వచ్చి "మిషను ఒప్పుకోకపోతే నువ్వు రానట్టే" అన్నాడు. ఎదురుగా నిలబడి ఉన్నాను, నేను రానట్టే! ఆ రోజు మూడొందల జతలు కుట్టాను. రాని మనిషి కుట్టినవి.

ఇంకోటి. ఆస్పత్రివాళ్లు నాకో చిన్న పుస్తకం ఇచ్చారు. రోజుకో వరుస. నోరు, చేతులు, కాళ్లు, విరేచనాలు, నీరసం అని గడులు. ఏ బాధ ఉంటే ఆ గడిలో రాయాలి. ప్రతి విడత ముందూ నర్సు దాన్ని చూస్తుంది. చేతిలో ఎర్రపెన్ను, మొహంలో నవ్వుండదు. నా ముందు కూర్చున్న పెద్దాయన ఏదో రాస్తే దానికింద గీత కొట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన బయటికొచ్చి "నాకు మందు ఆపేశారు" అన్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

నా పుస్తకం ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం మూడో విడత. ఏం రాయను?

మిరపకాయ


మార్చి 25

పిల్లా,

సోమవారం దాటిపోయిందని తెలిసే రాస్తున్నాను, తర్వాతవాటికైనా పనికొస్తుంది. ఏమీ రాయకు.

మిల్లులో బాధ చెప్పినదాన్ని మర్నాడే మగ్గం మీంచి దించి చీపురు చేతికిచ్చేవాళ్లు. అడిగేవాడు మన మంచికి అడగడు, ఎవర్ని తీసేయాలో తెలుసుకోడానికి అడుగుతాడు. ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు.

నా చెవుల పరీక్ష కథ నీకు చెప్పలేదు కదూ. మగ్గాల మోతకి చెవులు పోతున్నాయేమోనని ఓసారి ఒకాయన్ని పంపారు. నా వీపు తన వైపు ఉండేలా కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు, ఎప్పుడూ ఉండే మోత తప్ప. కానీ ఎదురుగా కిటికీ అద్దం ఉంది. అందులో ఆయన వేలు కనిపిస్తోంది. వేలు మీట నొక్కినప్పుడల్లా చెయ్యెత్తాను. నూటికి నూరు! బయటికొచ్చి మా వాళ్లకి చెబితే కడుపులు చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత ఆరేళ్లు మగ్గం నాదే.

చేతుల గురించి అడిగితే పనిలో జిగురు అని చెప్పు. కుట్టేవాళ్ల చేతులు అంతే అనుకుంటారు.

మీ అత్త


ఏప్రిల్ 8

నువ్వు చెప్పకముందే చేశాను.
అన్ని గడుల్లో ఏమీ లేదు అని రాశాను.
జిగురు అన్నాను. నమ్మారు.
ఉంటా.


ఏప్రిల్ 13

అమ్మాయ్,

కాగితం నిండా నాలుగే వరుసలు. అత్తా అన్న పిలుపు లేదు, కింద పేరు లేదు. అక్షరాలు ఒక్కోటి కోడిగుడ్డంత. కాగితం చిరిగేలా నొక్కి రాశావు. నీకు కోపం వస్తే తలుపు వేసే తీరు నాకు తెలుసు, ఇది అదే.

ఆపరేషన్‌కి రాలేదనే కదా? అనుకుంటూనే ఉన్నాను, ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని. డాక్టరు బయటికొచ్చి ఏదో చెబుతాడు, నాకు వినపడదు, అందరి మొహాలూ చూస్తూ గొడ్డులా నిలబడాలి. నీ గురించి మంచో చెడో అందరికంటే ఆఖర్న తెలుసుకోవాలి. ఆ భయానికి రాలేదు. రైలుకి బట్టలు కూడా సర్దుకున్నాను. చెవిటిదాన్ని, పిరికిదాన్ని కూడా.

తిట్టాలనుంటే నిండుగా తిట్టు. ఇలా నాలుగు వరుసలు పారేయకు.

అత్త


ఏప్రిల్ 18

అత్తా,

నీకేమైనా పిచ్చా? కోపం కాదు, వేళ్లు! పెన్ను పట్టుకుంటే నిప్పుకణిక పట్టుకున్నట్టుంది. పిడికిలి మడవలేను, అందుకే గుడ్లలాంటి అక్షరాలు. ఇవాళ పెన్నుకి బట్ట చుట్టి, గంటకో పేరా చొప్పున రాస్తున్నాను. కాబట్టి శ్రద్ధగా చదువు, ఇది చాలా ఖరీదైన ఉత్తరం.

ఆపరేషన్ సంగతి నాకు గుర్తే లేదు. నువ్వొచ్చి ఉంటే నేనే నిన్ను చూసుకోవాల్సొచ్చేది.

ఇక్కడ ఎవరికీ చెప్పనివి నీకు చెబుతాను. చేతుల్లో పగుళ్లు, రెండుచోట్ల రక్తం. అరికాళ్లలో బొబ్బలు. కుట్టుమిషను పెడలు తొక్కితే కళ్లల్లోంచి నీళ్లొస్తాయి, అందుకని మడమతో తొక్కుతున్నాను. నోట్లో పుళ్లు, నీళ్లు తగిలినా మంటే. బుధవారం నుంచి విరేచనాలు. నిన్న ఏడుసార్లు, ఇవాళ ఇప్పటికి ఆరు. షిఫ్టులో రెండుసార్ల కంటే ఎక్కువ లేస్తే స్టాప్‌వాచ్ మీట నొక్కుతాడు. కాబట్టి పనున్న రోజు తినడం మానేశాను. తిన్నాకే మాత్రలు వేసుకోవాలి కదా, రెండు బిస్కెట్లు మింగి వేసుకుంటున్నాను. లేచి నిలబడితే గోడ నా వైపు నడిచొస్తుంది.

పుస్తకంలో మాత్రం నేను ప్రపంచంలోకెల్లా ఆరోగ్యవంతురాలిని. ఇరవై ఒక్క రోజుల గడులూ ఒకే బిగిన ఒకే పెన్నుతో నింపేశాను. నాలుగో విడత ముందు ఆ ఎర్రపెన్ను నర్సు నా చేతులు చూసి "ఇది జిగురేనా?" అని అడిగింది. "మీరు ఒకసారి మా ఫ్యాక్టరీకొచ్చి కుట్టి చూడండి, తెలుస్తుంది" అన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. గెలిచాను.

ఇంతలా కాలుస్తోందంటే లోపల క్యాన్సర్‌ని కూడా కాలుస్తోందనే కదా? ఇప్పుడు ఆపితే కాలినదంతా దండగ. ఎనిమిదీ మింగుతాను. ఆ పెద్దాయనలా మొహం వేలాడేసుకుని బయటికి రాను. ఇంకా నాలుగున్నర విడతలు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని గడిపేస్తాను. నువ్వూ నేనూ ఒకే ముఠా కదా.

మిరపకాయ


ఏప్రిల్ 22

తల్లీ,

నీ ఉత్తరం అందిన గంటలో మూడు పనులు చేశాను. మూడోదానికి నువ్వు నన్ను జన్మలో క్షమించవు.

మొదటిది, షాపావిడ చేత నీకు ఫోను చేయించాను. "మా అత్తకి చెప్పండి, నాకేం, దుక్కలా ఉన్నాను" అన్నావట. ఆవిడ నోరంతా తెరిచి ఆ మాట నాకు చెప్పింది. పెదాల మీద అబద్ధం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

రెండోది, కూర్చుని నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచీ చదివాను. నాకు నవ్వు తెప్పించిన చోటల్లా ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను. కిటికీ అద్దం కథ నీకు సగమే రాశాను. నూటికి నూరు వచ్చిన రెండో ఏడు, నా పక్క మగ్గం మనిషి చెయ్యి పట్టీలో చిక్కుకుంది. నా వీపు ఆమె వైపు ఉంది. రెండడుగుల దూరం. మగ్గం ఆపే మీట నా చేతికి అందేంత దగ్గర. ఆమె నా పేరు పెట్టి అరిచిందట. నేను దారం ముడేసుకుంటూ ఉన్నాను. అవతలి వరసలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చేసరికి రెండు వేళ్లు పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను నీకు గొప్పలు చెప్పుకున్న కథ అది. వేడినీళ్లు ఒక తప్పు, ఆ కథ ఇంకా పెద్ద తప్పు.

మిల్లువాడికి నా చెవులతో పని లేదు, మగ్గంతోనే పని. ఆస్పత్రివాళ్లకి నీ చేతులతోనే పని కదే! ఇద్దర్నీ ఒకే గాట కట్టమని నేర్పింది నేను.

మూడోది. నువ్వు మొదటి ఉత్తరం రాసిన కాగితానికి ముందువైపు వాళ్ల అడ్రసుంది. నీ ఉత్తరాలు నాలుగూ కవర్లో పెట్టి, మర్నాటికే చేరే పోస్టులో వాళ్లకి పంపాను. పైన ఒక చీటీ: "పుస్తకం నమ్మకండి. ఇవి నమ్మండి."

తిట్టు. నాకెలాగూ వినపడదు.

మీ అత్త


ఏప్రిల్ 28

అత్తా,

తిడతాను. వినపడకపోతే చదువు. నా ఉత్తరాలు! నా చేతి రాత, నా కడుపు సంగతులు, ఎన్నిసార్లు దొడ్డికి వెళ్లానో కూడా, ముక్కూమొహం తెలీని వాళ్ల బల్ల మీద పరిచావు. నీ ఇంటి తలుపు తోసుకుని వచ్చి నీ పెట్టె వీధిలో గుమ్మరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఫోనుకే చేసింది ఎర్రపెన్ను. "సాయంత్రం మాత్రలు వేసుకోకు. ఉన్నపళంగా రా" అంది. పని ఉందన్నాను. "నువ్వు రాకపోతే మీ ఫ్యాక్టరీకి నేనే వస్తాను, కుట్టి చూడమన్నావుగా" అంది.

వెళ్లాను. వెళ్లాను అంటే మెట్ల దగ్గరే కూలబడ్డాను, మిగతా దూరం చక్రాల కుర్చీ. రెండు రోజులు సెలైన్. ఒంట్లో నీళ్లు లేవట, మరో రెండు రోజులు ఆగి ఉంటే మూత్రపిండాలు పోయేవట. బల్లమీద నా ఉత్తరాలు. ప్రతి బాధ కిందా ఎర్రగీత. చీమలు, పగుళ్లు, పుళ్లు, ఆరు, ఏడు, గోడ నడవడం. "మొహంలో నవ్వుండదు" అని ఆమె గురించి రాసిన చోట మాత్రం గీత లేదు. పక్కన చిన్న అక్షరాలతో "నిజమే" అని రాసింది.

డాక్టరమ్మ మందు ఆపింది. నేను అరిచాను. అయితే నన్ను వదిలేశారా అని, వార్డంతా తిరిగి చూసేలా అరిచాను. ఆమె నా చెయ్యి తిప్పి చూస్తూ, చల్లగా చెప్పింది: "వదల్లేదు. చేతులు మానేదాకా ఆపుతాం. తర్వాత మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతాం. తగ్గించినా అది మందే. ఒళ్లు కాలినకొద్దీ క్యాన్సర్ కాలుతుందని నీకెవరు చెప్పారు?" ఎవరూ చెప్పలేదు, అత్తా. నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పెద్దాయన సంగతి అడిగితే ఆయన పక్కగదిలోనే ఉన్నాడు, తగ్గించిన మోతాదుతో రెండో విడతలో, పేపరు చదువుకుంటూ!

"ఈ ముక్క మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అని ఎర్రపెన్నుని అడిగాను. "చెప్పాం, పుస్తకం పదో పేజీలో ఉంది" అంది. పదో పేజీ ఎవడు చదువుతాడు? షిఫ్టు దిగి వచ్చి కళ్లు మూతలు పడేవాళ్లు చదువుతారా? మొదటి పేజీలో వెయ్యండి, పెద్ద అక్షరాలతో, అన్నాను. ఏం వెయ్యాలో చెప్పమంది. చెప్పాను. రాసుకుంది.

నీ మీద కోపం తగ్గలేదు. కానీ ఎనిమిది విడతలూ అయ్యాక కూడా నీ మీద కోపంగా ఉండాలనుంది, అందుకోసం బతకాలి కదా. దీంతో కొత్త పుస్తకం ఒకటి పంపుతున్నాను. ఆమెని అడిగి తీసుకున్నాను. నాకు కాదు, నీకు. నా రహస్యాలన్నీ గుమ్మరించావు, ఇప్పుడు నీ వంతు. చెవులకి గడి లేదు, నువ్వే గీసుకో.

మిరపకాయ


మే 6

మిరపకాయ్,

పుస్తకం అందింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ముద్ర కొట్టి ఉంది: "బాధ చెప్పండి. మందు లాక్కోడానికి కాదు, మందు సాగడానికే అడుగుతున్నాం." ఇది నీ నోటి మాటే, ఎక్కడున్నా గుర్తుపడతాను.

మూడు రోజులు బల్ల మీద పెట్టి దాని చుట్టూ తిరిగాను. నాలుగో రోజు గడి గీసుకుని రాశాను. చెవుల డాక్టరుకి చూపించాను. ఇంతకాలం ఏం చేశావన్నట్టు చూసింది. ఎడమ చెవికి మిషను పెడితే కొంత తెలుస్తుందట, కుడిది పోయినట్టేనట. నేను రాసిన వరుస నీకు కూడా రాసి పంపుతున్నాను:

"చెవులు: మోత. మొదలై ముప్పై ఒక్క ఏళ్లు. ఎక్కువగానే ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

మీ అత్త


సెప్టెంబరు 14

అత్తా,

ఎనిమిదో విడత అయిపోయి ఏడు వారాలు. మధ్యలో ఒకసారి మళ్లీ నోట్లో పుళ్లొచ్చాయి. ఆ రోజే గడిలో రాశాను, ఆ రోజే ఫోను చేశాను. నోరు పుక్కిలించే మందిచ్చారు, తగ్గింది. ఇంత సులువు పనికి నేను కూలబడేదాకా ఆగాను! వచ్చే నెల స్కాను. ఏం చెబుతారో తెలీదు. ఏం చెప్పినా ఎదురుగా కూర్చుని వింటాను.

ఇప్పుడు గేటు సంగతి. ఆస్పత్రి కాగితం పట్టుకుని వెళ్లి, నాకు సంతకాల పుస్తకం పెట్టమన్నాను. స్టాప్‌వాచ్ "ఒక్కదానికోసం పుస్తకమా?" అన్నాడు. అప్పుడు జిగురు సెక్షన్ నుంచి ఒకావిడ లేచింది. తన బొటనవేలు ఎత్తి చూపించింది. గీతల్లేవు. ఏళ్ల తరబడి జిగురూ దాన్ని కడిగే మందూ తినేశాయి. రోజూ వేలు నాకి, చీరకి రుద్ది, పదిసార్లు నొక్కి లోపలికి వస్తోందట, ఎవరికీ చెప్పకుండా. ఆమె వెనక ఇంకొకరు. ఆమె వెనక ఇంకొకరు. నాతో కలిపి పదకొండుమందిమి. అందరం వేళ్లెత్తి నిలబడ్డాం. నేను ఆస్పత్రిలో "జిగురు" అని అబద్ధమాడానే, అది వీళ్ల విషయంలో నిజమట! అడగందే అమ్మైనా పెట్టదు, స్టాప్‌వాచ్ పెడతాడా? మిషన్లన్నీ ఆపేసి అడిగాం. నలభై నిమిషాలు. మీట నొక్కి లెక్క చూసుకోమన్నాను. పుస్తకం వచ్చింది. జిగురు సెక్షనుకి చేతితొడుగులు ఇంకా రాలేదు. వస్తాయి, మేం ఊరుకుంటేగా.

ఇవాళ పొద్దున ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని, ఆ మిషను మీద వేలు పెట్టాను. టింగుమంది. నా నంబరు చూపించింది. గీతలు తిరిగొచ్చాయి, అత్తా. వాచ్‌మన్ "హమ్మయ్య, ఇక నీకు పుస్తకం అక్కర్లేదు" అని దాన్ని మూసేయబోయాడు.

పుస్తకం లాక్కుని, నా వరుసలో సంతకం పెట్టి, లోపలికెళ్లాను.

నీ
మిరపకాయ

తా.క. చెవిమిషను పెట్టుకున్నాక మొదట ఏం విన్నావో రాయలేదు. ఇస్త్రీ పెట్టె చప్పుడని మాత్రం రాయకు. ఆదివారం షాపావిడ ఫోనుకి చేస్తాను. ఎడమ చెవి దగ్గర పెట్టుకో. మిగిలిన తిట్లు నోటితోనే తిడతాను.